ఎర్రబడిన కన్ను, తలలో హోరు: కంటి వెనక రక్తనాళాల జబ్బుతో నా పది నెలల అనుభవం

2024 జూన్ చివరి వారంలో ఒక రాత్రి, ఎడమ చెవి దిండుకు ఆనించి పడుకున్నప్పుడు, తల లోపల ఎవరో కొలిమి తిత్తి ఊదుతున్నట్టు ఒక హోరు వినిపించింది. లేచి కూర్చుని మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకున్నాను. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ హోరు లేచి పడుతోంది. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. బీపీకి ఆరేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాను కనుక బీపీ పెరిగిందేమోనని మర్నాడు చూపించుకుంటే 140/90 ఉంది. డాక్టరు గారు మాత్ర మోతాదు కొంచెం పెంచారు. హోరు మాత్రం తగ్గలేదు. పగలు బడిలో పిల్లల అల్లరిలో వినిపించేది కాదు, రాత్రి ఇల్లు సద్దుమణిగాక మళ్ళీ మొదలయ్యేది.

జులై 9న ఎడమ కన్ను ఎర్రబడింది. నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతాను. వానాకాలంలో పిల్లలకు కళ్ళకలకలు రావడం, వాళ్ళ దగ్గరనుంచి మాకు అంటుకోవడం మామూలే. ఊళ్ళో కంటి డాక్టరు కూడా అదే అనుకుని ఐదు రోజులు యాంటీబయాటిక్ చుక్కలు వేసుకోమన్నారు. నిజానికి ఆ కంటికి పుసి లేదు, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకోలేదు, దురద కూడా లేదు. కళ్ళకలక అయితే సాధారణంగా ఇవి ఉంటాయని ఇన్నేళ్ళ బడి జీవితంలో ఎన్నోసార్లు చూసిన నేనే ఆ మాట డాక్టరుతో అనలేదు. జులై 16న మళ్ళీ వెళితే స్టెరాయిడ్ చుక్కలు రాశారు. అవి వేసుకున్న రెండు రోజులు ఎరుపు కాస్త తగ్గినట్టనిపించి, తరువాత ఇంకా చిక్కబడింది. జులై 27న ఇంకొక డాక్టరు దగ్గరకు వెళితే ఎలర్జీ అని, అవే స్టెరాయిడ్ చుక్కలు మరో రెండు వారాలు కొనసాగించమన్నారు. ఈ మూడు సార్లలో ఒక్కసారి కూడా కంటి ఒత్తిడి కొలవలేదు. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో కంటి ఒత్తిడిని పెంచుతాయని నాకు తెలిసింది చాలా తరువాత. దాదాపు నాలుగు వారాలు ఆ చుక్కలు నా చేత్తో నేనే వేసుకున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఆగస్టు 5న హోరు కోసం విడిగా చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళాను. వినికిడి పరీక్ష చేశారు, అంతా బాగానే ఉందన్నారు, నరాల బలానికి నెల రోజుల మాత్రలు ఇచ్చారు. ఇక్కడ నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి చెప్పాలి. చెవి డాక్టరుకు కన్ను ఎర్రగా ఉన్న సంగతి చెప్పలేదు, కంటి డాక్టర్లకు తలలో హోరు సంగతి చెప్పలేదు. కంటి జబ్బు కంటిది, చెవి జబ్బు చెవిది అనుకున్నాను. ఆ రెండు మాటలు ఒకే మనిషి చెవిన పడి ఉంటే నా ఆరు వారాలు మిగిలేవి.

ఆగస్టు 12 నాటికి పై రెప్ప వాచింది. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను కుడి కన్ను కంటే ముందుకు వచ్చినట్టు కనిపిస్తోంది. థైరాయిడ్ అయి ఉంటుందని పక్కింటి అక్కయ్య అనడంతో రక్తపరీక్ష చేయించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆగస్టు 19న తరగతిలో నల్లబల్ల మీద రాస్తూ ఎడమ వైపుకు చూస్తే నేను గీసిన గీత పక్కనే ఇంకొక గీత కనిపించింది. ఒక కన్ను మూసుకుంటే ఒకటే గీత. రెండూ తెరిస్తే రెండు. సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుండిపోయాను. పిల్లలు ఏమైంది టీచర్ అంటుంటే ఏమీ లేదని చెప్పాను కానీ, చేతులు చల్లబడిపోయాయి. ఆ సాయంత్రం స్కూటీ బడిలోనే వదిలేసి మావారి బండి మీద ఇంటికి వచ్చాను.

ఆగస్టు 22న విజయవాడలో ఒక పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళాం. పొద్దున ఏడున్నరకు చీటీ రాయించుకుంటే పదకొండున్నరకు పిలిచారు. మొదట చూసినది ఒక పీజీ అమ్మాయి, మా అమ్మాయి కంటే చిన్నది. యంత్రానికి గడ్డం ఆనించమని చాలాసేపు చూసి, తల ఎత్తి, "ఆంటీ, తలలో ఏమన్నా శబ్దం వస్తోందా? నాడి కొట్టుకున్నట్టు?" అని అడిగింది. రెండు నెలలుగా ఎవరూ అడగని మాట అది. నాకు గొంతు పూడుకుపోయి వెంటనే జవాబు రాలేదు. తరువాత ఆ అమ్మాయి నన్ను కన్ను మూసుకోమని, రెప్ప మీద స్టెతస్కోపు ఆనించి విన్నది. విని, అది తీసి మావారి చెవులకు పెట్టింది. నేను ఒక్కదాన్నే మోస్తున్న ఆ హోరును ఆయన కూడా విన్నారు. ఆయన ముఖం చూశాక ఇది చిన్న విషయం కాదని నాకు అర్థమయింది.

ఆ రోజు కంటి ఒత్తిడి కుడి కంటిలో 16, ఎడమ కంటిలో 34. తెల్లగుడ్డు మీద ఎర్ర నాళాలు కళ్ళకలకలోలా అంతటా పరుచుకుని లేవు, మెలికలు తిరిగి నల్లగుడ్డు అంచుదాకా పాకి అక్కడ ఆగాయి. ఫోటో తీసి తెర మీద పెద్దది చేసి చూపించారు. కంటికి అల్ట్రాసౌండ్ చేసి, కంటి వెనక ఉండే పై సిర బాగా ఉబ్బిందన్నారు. పెద్ద డాక్టరు గారు వచ్చి చీటీ మీద సీసీఎఫ్ అని రాశారు. కెరోటిడ్-కేవర్నస్ ఫిస్ట్యులా అని పూర్తి పేరు. కంటి వెనక, పుర్రె అడుగున కేవర్నస్ సైనస్ అనే రక్తపు మడుగు ఒకటి ఉంటుందనీ, కంటి నుంచి తిరిగి వచ్చే చెడు రక్తం అందులోకి చేరుతుందనీ, నా విషయంలో మెదడు పొరకు వెళ్ళే సన్నని ధమనులు కొన్ని దారి తప్పి నేరుగా ఆ మడుగులోకి తెరుచుకున్నాయనీ బొమ్మ గీసి చెప్పారు. మావారు వ్యవసాయదారులు. ఆ బొమ్మ చూసి, "అంటే పంటకాలువకు గండి పడి నీళ్ళు మురుగుకాలువలోకి దూకుతున్నాయి, అందుకని మురుగు పోలేక చేలోకే ఎదురు తంతోంది, అంతేనా అండీ?" అన్నారు. డాక్టరు గారు సరిగ్గా అంతేనన్నారు. ఆ తరువాత చదివినవాటిలో ఏదీ నాకు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

తలకు దెబ్బ తగిలినవాళ్ళలో పెద్ద ధమనే చిట్లి ఇది హఠాత్తుగా వస్తుందట. నాలా నడివయసు దాటిన ఆడవాళ్ళలో, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళలో, ఏ దెబ్బా లేకుండా నెమ్మదిగా మొదలవుతుందట. కన్ను పక్కకు తిప్పే నరం ఆ మడుగు గుండానే వెళుతుంది కాబట్టి అది నలిగి, ఎడమకు చూస్తే రెండుగా కనిపిస్తోంది. ఒత్తిడి తగ్గడానికి రెండు రకాల చుక్కలు, ఎసిటజోలమైడ్ మాత్రలు ఇచ్చారు. ఆ చుక్కల్లో ఒకటైన టిమొలాల్ రాసేముందు ఉబ్బసం ఉందా అని తప్పకుండా అడుగుతారు; ఉంటే దాచకూడదు. ఎసిటజోలమైడ్ మాత్రలు వేసుకున్నాక వేళ్ళ కొసలు, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి వచ్చింది. అది మందు వల్లేనని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు కానీ, ఆకలి చచ్చిపోయింది.

ఆగస్టు 24న ఎమ్మారై తీయించాం, 9,000 రూపాయలు అయింది. అది చూసి, ఈ జబ్బుకు వైద్యం చేసేది కంటి డాక్టరు కాదనీ, రక్తనాళాల లోపలినుంచి వైద్యం చేసే న్యూరో ఇంటర్వెన్షన్ డాక్టరనీ చెప్పి హైదరాబాదుకు పంపారు. మా అమ్మాయి, అల్లుడు గారు కూకట్‌పల్లిలో ఉంటారు కనుక బస బెంగ లేదు. అపాయింట్‌మెంట్ సెప్టెంబరు 3న దొరికింది. ఆ తొమ్మిది రోజులు కన్ను పోతుందేమోనన్న భయం ఒక్కటే. తెల్లవారగానే కుడి కన్ను మూసి, ఎడమ కంటితో గోడ మీది క్యాలెండరులో తిథులు చదవగలనో లేదో చూసుకునేదాన్ని.

హైదరాబాదు డాక్టరు గారు మొదట మెడ రక్తనాళాలకు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయించి, అందులో కొవ్వు అడ్డు ఏదీ లేదని తేలాక, ఒక విచిత్రమైన పని నేర్పించారు. మెడలో ఎడమ వైపు కొట్టుకునే ధమనిని రోజంతా గంటకు కొన్నిసార్లు, ఒక్కోసారి పది సెకన్ల పాటు వేళ్ళతో ఒత్తిపట్టాలి. కూర్చునో పడుకునో చేయాలి, నిలబడి చేయకూడదు. ఎడమ వైపు ఒత్తవలసినది కుడిచేత్తోనే. ఎందుకంటే ఎడమ ధమని రక్తం ఇచ్చే మెదడు భాగమే కుడిచేతిని నడుపుతుంది. మెదడుకు రక్తం చాలకపోతే ఆ చేయే బలం తప్పి తనంతట జారిపోతుంది. ఇలా చేస్తే కొందరిలో సన్నని గండ్లు గడ్డకట్టి వాటంతట అవే పూడిపోతాయట. ఒత్తినప్పుడు తలలో హోరు ఠక్కున ఆగిపోయేది, వదలగానే తిరిగి వచ్చేది. ఆ పది సెకన్ల నిశ్శబ్దం కోసమే నేను శ్రద్ధగా చేశానని చెప్పాలి. ఇది డాక్టరు చూసి, డాప్లర్ చేసి, నేర్పిన తరువాత మాత్రమే చేయవలసిన పని. నేను రాశానని ఎవరూ మెడ ఒత్తుకోవద్దు, ప్రమాదం.

సెప్టెంబరు 11న డీఎస్ఏ అనే యాంజియో పరీక్ష, అంటే రక్తనాళాల్లోకి రంగు మందు వదిలి ఎక్స్‌రే చిత్రాలు తీయడం. ఆరు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ముందే చూస్తారు. కుడి గజ్జల్లో మత్తు సూది ఇచ్చి సన్నని గొట్టం లోపలికి పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. రంగు మందు వదిలినప్పుడల్లా ముఖం సగభాగం మీద వేడినీళ్ళు పోసినట్టు అనిపించి, మూసుకున్న కంట్లో మెరుపులు మెరిశాయి. కదలకూడదు, గుటక వేయకూడదు. పరీక్ష ముప్పావుగంటలో అయిపోయింది కానీ, ఆ తరువాత ఆరు గంటలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవడమే నాకు ఎక్కువ కష్టమయింది. పడుకునే బెడ్‌పాన్‌లో మూత్రం పోయాలంటే సిగ్గుతో, అలవాటు లేక గంటసేపు రాలేదు. ఈ ఒక్క విషయం ముందు ఎవరైనా చెప్పి ఉంటే మనసు సిద్ధం చేసుకునేదాన్ని. పరీక్షకు మందులతో కలిపి 32,000 అయింది.

ఆ చిత్రాల్లో ధమనిలోకి రంగు వెళ్ళిన మరుక్షణమే కంటి సిర నల్లగా నిండిపోవడం నాకు చూపించారు. మామూలు మనిషిలో ఆ సిర ఆ క్షణంలో కనిపించనే కూడదు. ఊరటనిచ్చిన మాట ఒకటి ఉంది: రక్తం ముందుకు, కంటి వైపుకే తోసుకువస్తోంది, వెనక్కి మెదడు పైని సిరల్లోకి పోవడం లేదు. వెనక్కి పోతే మెదడులో రక్తస్రావం ప్రమాదం ఉంటుంది కనుక వెంటనే చికిత్స చేసేవారట. నాకు నాలుగు వారాలు మెడ ఒత్తడం కొనసాగించి చూద్దామన్నారు. అయితే సెప్టెంబరు 26న కంటి ఒత్తిడి మందులతో కూడా 38కి చేరింది, కంటి వెనక తెర మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించాయి, చూపు 6/18కి (మామూలు చూపు 6/6) పడిపోయింది. ఇక ఆగడానికి లేదన్నారు.

డబ్బు సంగతి. ఎంబొలైజేషన్‌కు, అంటే రక్తనాళం లోపలినుంచి గండి పూడ్చడానికి, నాలుగున్నర నుంచి ఐదు లక్షలు కావచ్చనీ, ఎన్ని కాయిల్స్ (ప్లాటినం తీగచుట్టలు) పడతాయో లోపలికి వెళ్ళాక కానీ తెలియదనీ చెప్పారు. ఉద్యోగుల ఆరోగ్య కార్డు మీద ఆ ఆసుపత్రిలో ఈ చికిత్స కుదరలేదు. ఆ మాట స్పష్టంగా చెప్పించుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. నా గాజులు, అమ్మ ఇచ్చిన నాంతాడు బ్యాంకులో పెట్టి మూడు లక్షలు తెచ్చాం, మిగిలినది అల్లుడు గారు సర్దారు. అల్లుడి దగ్గర తీసుకోవలసి వచ్చినందుకు నేను ఏడిస్తే, "అత్తయ్య గారూ, కన్ను తరువాత ఏదైనా" అన్నారు.

అక్టోబరు 8న, దసరా సెలవుల్లో, చికిత్స జరిగింది. ఈసారి పూర్తి మత్తు. గజ్జల్లోని సిర గుండా మెడలోకి, అక్కడినుంచి పుర్రె అడుగున ఉన్న ఒక సన్నని సిరా మార్గం గుండా ఆ మడుగులోకి చేరుకుని, దాన్ని ప్లాటినం తీగచుట్టలతో, ఓనిక్స్ అనే ద్రవంతో నింపివేశారు. ఆ సన్నని దారి మూసుకుపోయి ఉండడంతో నెమ్మదిగా తెరుచుకుంటూ వెళ్ళడానికి చాలాసేపు పట్టిందట. పొద్దున తొమ్మిదికి తీసుకువెళితే మధ్యాహ్నం రెండుకు బయటికి తెచ్చారు. ఏడు కాయిల్స్ పట్టాయి. మొత్తం బిల్లు 4,72,000.

మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతున్నంత నొప్పి, రెండుసార్లు వాంతి. ఆ నొప్పిలో చాలాసేపటి వరకు ఏదో లోటుగా ఉందని తెలుస్తోంది కానీ, అదేమిటో తెలియలేదు. తరువాత గ్రహించాను, హోరు లేదు. ఐసీయూలో యంత్రాల కూతలు, నర్సుల మాటలు వినిపిస్తున్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు. మావారు లోపలికి వచ్చి వంగి పలకరించి, నా దగ్గర వెల్లుల్లి వాసన వస్తోందన్నారు. రెండు రోజులుగా నేను తిండే తినలేదు. ఓనిక్స్ ద్రవంలో కలిపే ద్రావకం ఊపిరిలోంచి బయటికి పోతూ అలాంటి వాసన ఇస్తుందని, ఒకటి రెండు రోజుల్లో పోతుందని నర్సమ్మ చెప్పింది. అలాగే పోయింది.

అక్టోబరు 10 సద్దుల బతుకమ్మ. సాయంత్రం వార్డు కిటికీలోంచి కింద వీధిలో ఆడవాళ్ళ పాట, చప్పట్లు వినిపించాయి. మూడున్నర నెలల తరువాత, నా తల లోపలి శబ్దంతో కలవకుండా బయటి శబ్దం ఒక్కటే విన్నది అప్పుడే. అమ్మాయి చేయి పట్టుకుని చాలాసేపు విన్నాను.

అయితే మూడోరోజుకు కన్ను ఇంకా వాచింది, రెప్ప పూర్తిగా మూసుకుపోయింది, రెండుగా కనిపించడం ఎక్కువయింది. చికిత్స విఫలమయిందని నేను హడలిపోయాను. ఉబ్బిన సిరలో రక్తం గడ్డకడుతున్నప్పుడు కొన్నాళ్ళు ఇలా ముదిరినట్టు కనిపించవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు, కాగితం మీద కూడా రాశారు, కానీ ఆ క్షణంలో అదేదీ గుర్తు రాలేదు. పది రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ఈ దశ ఎవరికైనా ఎదురైతే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి, కానీ అంతా అయిపోయిందని కుంగిపోనక్కరలేదు. వారానికి వాపు దిగడం మొదలయింది.

అక్టోబరు 15న కంటి ఒత్తిడి 22. నవంబరు 9న 15. ఎసిటజోలమైడ్ ఆపేశారు, చుక్కలు ఒక రకం మాత్రం కొనసాగించమన్నారు. ఎరుపు నల్లగుడ్డు అంచునుంచి నెమ్మదిగా వెనక్కి తగ్గింది. రెండుగా కనిపించడం అన్నిటికంటే ఆలస్యంగా తగ్గింది. కంటికి గంత కట్టుకుంటే ఊపిరాడనట్టుండేది కనుక, కళ్ళజోడు ఎడమ అద్దానికి లోపలివైపు మసక టేపు అంటించుకోమని కంటి ఆసుపత్రిలో చెప్పారు. పది రూపాయల టేపుతో ఆ మూడు నెలలు గడిచాయి. ఒక కంటితో దూరం అంచనా తెలియదు. గ్లాసులో నీళ్ళు పోయబోతే బయట పడేవి, మెట్టు ఉందనుకుని గాలిలో కాలు పెట్టేదాన్ని. డిసెంబరు 2న మళ్ళీ బడికి వెళ్ళాను, టేపు కళ్ళజోడుతోనే. జనవరి మూడో వారంలో, సంక్రాంతి సెలవుల తరువాత, టేపు తీసి నల్లబల్ల మీద ఒక గీత గీసి ఎడమకు చూశాను. ఒక్కటే గీత.

2025 ఏప్రిల్ 16న రెండోసారి డీఎస్ఏ చేశారు. ఈసారి మణికట్టు నుంచి వెళ్ళారు కనుక కాలు బిగబట్టుకుని పడుకునే బాధ తప్పింది. గండి పూర్తిగా పూడిపోయిందని, కంటి సిర నిండడం లేదని చెప్పారు. చూపు 6/9 వచ్చింది. ఒత్తిడి చాలాకాలం ఎక్కువగా ఉండడం వల్ల ఎడమ కంటి నరం పొర కొంత పలచబడిందని, కంటి లోపలి పొరల మందం కొలిచే ఓసీటీ పరీక్షలో తేలింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. అందుకని రాత్రిపూట ఒక చుక్క, ఆరు నెలలకొకసారి చూపు పరిధి పరీక్ష తప్పవు.

రీయింబర్స్‌మెంట్‌కు, అంటే వైద్యం ఖర్చు ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోవడానికి, వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఒక్కొక్క కాయిల్ పెట్టె మీద ఒక స్టిక్కరు ఉంటుంది, దాన్ని ఆసుపత్రివాళ్ళు కేసు షీటులో అంటిస్తారు. దాని నకలు, బిల్లులో ప్రతి కాయిల్‌కు విడిగా ధర, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఈ వైద్యం అవసరమయిందని డాక్టరు ఇచ్చే పత్రం), ఈ మూడూ డిశ్చార్జి రోజే అడిగి తీసుకోండి. నేను అడగలేదు. ఆ స్టిక్కర్ల నకళ్ళ కోసం మావారు రెండుసార్లు హైదరాబాదు వెళ్ళి రావలసి వచ్చింది. నవంబరులో పెట్టిన నా ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చి, మార్చిలో మళ్ళీ పైకి వెళ్ళింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.